సంతకం పెట్టే ముందు

చిట్టితల్లీ,

నీ మెసేజ్ చదివాను. బాబు పుట్టాడు, ఇక పిల్లలు చాలనుకున్నారు, ఐవీఎఫ్ సెంటర్‌లో దాచిన ఎంబ్రియోలను (తొలి రోజుల పిండాలను) ఏం చేయాలో రాసిమ్మని ఫారం వచ్చింది. "పరిశోధనకు ఇస్తాం" అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయిందన్నావు. పాపమా పెద్దమ్మా అని అడిగావు. పాపపుణ్యాల లెక్క నా చేతిలో లేదు కానీ, ఉద్యోగమంతా ఎంబ్రియాలజీ ల్యాబ్‌లోనే చేశాను కాబట్టి ఆ గడి వెనక ఏం జరుగుతుందో చెప్పగలను. ఎంబ్రియోలను పరిశోధనకు వాడొచ్చా లేదా అన్న వాదనలో ఎవరు గెలిచారో తేలేదాకా నువ్వు ఆగక్కర్లేదు. అది ఇప్పట్లో తేలేది కాదు. నీ చేతిలో ఉన్న ఆ కాగితం సంతకానికి తగిందా కాదా అన్నది మాత్రం నువ్వే తేల్చుకోవాలి, దానికి దారులున్నాయి.

ముందు అక్కడ ఉన్నదేమిటో తెలుసుకో. ఐదో రోజు ఎంబ్రియోని బ్లాస్టోసిస్ట్ అంటారు. మైక్రోస్కోప్ కింద చూస్తే గుండ్రంగా, బోలుగా ఉంటుంది. గోడంతా చదునైన కణాలు, లోపల ఓ పక్కకు అతుక్కుని చిన్న కణాల ముద్ద. అంతా కలిపి వందో రెండొందలో కణాలు. గోడ నుంచి మాయ (ప్లాసెంటా) తయారవుతుంది, ముద్ద నుంచి బిడ్డ. ఒంట్లోని ఏ రకం కణంగానైనా మారగల మూలకణాలు (స్టెమ్ సెల్స్) తీసేది ఆ ముద్దలోంచే. దాన్ని విడదీసి డిష్‌లో పెంచుతారు, అంతటితో ఆ ఎంబ్రియో ఉండదు. ఈ సంగతిని మెత్తటి మాటల్లో చుట్టి చెప్పేవాళ్లుంటారు, నువ్వు మాత్రం సూటిగా తెలుసుకునే నిర్ణయించుకో. అప్పటికి దానికి మెదడు లేదు, నరాలు లేవు, నొప్పి తెలియదు. అదీ అంతే నిజం.

1998లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో జేమ్స్ థామ్సన్ బృందం మొదటిసారి మనిషి ఎంబ్రియోల నుంచి మూలకణాలు తీసింది. అవీ ఐవీఎఫ్‌లో మిగిలినవే, దంపతులు ఇచ్చినవే. ఒక ఎంబ్రియో నుంచి తీసిన కణాలు ల్యాబులో పెరుగుతూ పోతే దాన్ని 'లైను' అంటారు, అప్పటి వాటిలో 'హెచ్9' అనే లైను ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉంది. ఆ లైను నుంచి తయారుచేసిన నాడీకణాలను 12 మంది పార్కిన్సన్స్ రోగుల మెదడులో పెట్టిన ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. ప్రమాదం లేదని తేల్చడానికి చేసిన చిన్న ట్రయల్ అది, మందు దొరికిందని సంబరపడేంత కాదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు ఇచ్చినది నీ తర్వాత కూడా బతికి ఉండొచ్చు. అసలు ఏ లైనూ రాకుండా మామూలు ప్రయోగంలోనే అయిపోవచ్చు కూడా. రెండో దానికే అవకాశం ఎక్కువ.

ఇక వాదన. ఫలదీకరణ జరిగిన క్షణం నుంచే అది మనిషి, ఇంకొకరికి మేలు చేయడానికైనా దాన్ని చంపే హక్కు ఎవరికీ లేదని క్యాథలిక్ చర్చి అంటుంది. చర్చికి వెళ్లనివాళ్లలోనూ అలా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అటువైపు వాళ్లు, సుమారు 14 రోజులదాకా శరీరం రూపుకట్టడానికి మొదటి గుర్తయిన గీత కూడా ఎంబ్రియోలో ఏర్పడదు, ఒక ఎంబ్రియో రెండుగా చీలి కవలలయ్యే వీలు కూడా అప్పటిదాకా ఉంటుంది, అలాంటప్పుడు 'ఒక మనిషి' అని ఎలా అంటాం అని అడుగుతారు. బ్రిటన్‌లో ప్రభుత్వం వేసిన వార్నాక్ కమిటీ 1984లో, ల్యాబులో ఎంబ్రియోని 14 రోజులు దాటి పెంచకూడదని గీత గీసింది, 1990లో అది చట్టమైంది. మూలకణ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం 2021లో 14 రోజులు దాటి పెంచడాన్ని పూర్తి నిషేధాల జాబితా నుంచి తీసేసి, ఒక్కో ప్రయోగాన్నీ విడిగా పరిశీలించాలంది. ల్యాబు వాళ్లు 14 రోజులు పెంచడం చేతకానంత కాలం ఆ గీత ఎవరికీ అడ్డు రాలేదు, చేతనయ్యే వేళకి దాన్ని ముందుకు జరపాలనిపించింది. నాకది నచ్చలేదు.

"ఎలాగూ పారేసేవే కదా, ఇస్తే ఏం పోయింది" అని సెంటర్‌లో ఎవరో ఒకరు అంటారు. తేలిగ్గా ఒప్పుకోకు. ఎలాగూ పోయేదాన్ని మనం వాడుకోవచ్చన్న సూత్రం మనుషుల విషయంలో ఎంత ప్రమాదమో నీకు తెలుసు. ఎంబ్రియో మనిషితో సమానం కాదని నీకు ముందే నమ్మకం ఉంటేనే ఆ మాట నిలబడుతుంది. నాకు ఆ నమ్మకం ఉంది. అలాగని దాన్ని పనికిరాని పదార్థంగానూ చూడలేదు, మా ల్యాబులో ఎవరూ చూడలేదు. నీకు ఆ నమ్మకం లేకపోతే ఇవ్వకు. నువ్వు ఇవ్వకపోతే సైన్సేమీ ఆగిపోదు. జపాన్‌లో యమనక అనే శాస్త్రవేత్త 2006లో ఎలుకల చర్మకణాలను, మరుసటి ఏడాది మనిషి కణాలను మూలకణాల్లా మార్చి 2012లో నోబెల్ కూడా తీసుకున్నాడు. "ఇక ఎంబ్రియోలు అక్కర్లేదు" అనేవాళ్ల మాట మాత్రం సగమే నిజం, ఆ కణాల నాణ్యత పోల్చి చూడటానికి ఎంబ్రియో కణాలే కొలబద్ద.

దేశాలే ఒక మాట మీద లేవు. జర్మనీలో ఎంబ్రియోల నుంచి లైను తీయడం నేరం, కానీ 2007 మే 1కి ముందు బయట తయారైన లైన్లను అనుమతితో తెప్పించుకోవచ్చు. అమెరికాలో 2001 ఆగస్టులో అధ్యక్షుడు బుష్, అప్పటికే ఉన్న లైన్లకు తప్ప ప్రభుత్వ డబ్బు ఇచ్చేది లేదన్నాడు, 2009లో ఒబామా ఆ ఆంక్ష ఎత్తేశాడు. కాబట్టి మీరుండే చోట చట్టం ఏమంటుందో ముందు కనుక్కో.

ఇప్పుడు ఫారం. చాలామంది దీన్నే చదవరు. అడుగుతున్నది ఎవరో చూడు. నీకు ట్రీట్‌మెంట్ ఇచ్చిన డాక్టరే పరిశోధకుడైతే నువ్వు కాదనలేవు, మొహమాటం. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ సుక్ అనే మూలకణ పరిశోధకుడు తన ల్యాబులో కింద పనిచేసే ఆడపిల్లల అండాలు కూడా వాడాడని బయటపడింది. అతని 2004, 2005 పరిశోధన పత్రాలు బూటకమని తేలి 2006 జనవరిలో రద్దయ్యాయి. అబద్ధపు ఫలితాల గురించే అందరూ మాట్లాడతారు. బాస్‌కి కాదని చెప్పలేక అండాలిచ్చిన వాళ్ల సంగతి నన్ను ఎక్కువ బాధించింది.

తర్వాత, దేనికి వాడతారో రాసి ఉందా? "వైద్య పరిశోధన" అని ఒక్క ముక్కతో వదిలేస్తే సంతకం పెట్టకు. మూలకణ లైను తీస్తారా, ఎన్నేళ్లు ఉంచుతారు, వేరే దేశాలకు పంపుతారా, జన్యువులు మారుస్తారా, జంతువుల్లోకి ఎక్కిస్తారా, కంపెనీకి లాభం వస్తే నీకు వాటా ఉండదని చెప్పారా, అన్నీ అడుగు. బుష్ అనుమతించిన లైన్లలో కొన్నింటికి దంపతుల దగ్గర తీసుకున్న ఫారాలు ఇలా అరకొరగానే ఉన్నాయని 2008లో రాబర్ట్ స్ట్రైఫర్ అనే నీతిశాస్త్ర పరిశోధకుడు ఎత్తిచూపాడు.

అందరూ మర్చిపోయేది ఇంకొకటి ఉంది. ఆ కణాల్లో ఉన్నది మీ ఇద్దరి డీఎన్ఏ. పేరు తీసేసి కోడ్ నంబర్ వేసినా, ఆ డీఎన్ఏని చదివితే మీ బాబుకి వచ్చే జబ్బుల గురించి కూడా ఎంతో కొంత తెలిసిపోతుంది. దాన్ని ఎవరు చూడగలరు అని తప్పకుండా అడుగు. ఎథిక్స్ కమిటీ అనుమతి వివరాలూ, మనసు మారితే ఎప్పటిదాకా వెనక్కి తీసుకోవచ్చన్నదీ ఫారంలోనే ఉండాలి. ఒకసారి లైను తీశాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

మీ ఆయన సంతకం కూడా కావాలి. ఆయన "నీ ఇష్టం" అన్నాడని రాశావు. అది అంగీకారం కాదమ్మా, తప్పించుకోవడం. కూర్చోబెట్టి మాట్లాడు. మీ అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇద్దరి ఇష్టం, నా సలహా అయితే ముందు మీరు తేల్చుకున్నాకే. మీ చోట చట్టం ఒప్పుకుంటే వేరే దంపతులకు ఇవ్వడం, లేదా ఏమీ చేయకుండా కరిగించి వదిలేయమనడం కూడా దారులే, వాటిలోనూ తప్పేం లేదు. ఎటూ తోచకపోతే, చట్టం ఒప్పుకునేదాకా, నిల్వ గడువు ఇంకో ఏడాది పొడిగించమని రాసివ్వు. ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉన్నవాటికి తొందరేం లేదు, తొందరంతా సెంటర్ వాళ్లదే.

ఫారం పేజీలన్నీ, వెనక చిన్న అక్షరాలతో సహా, ఫోటోలు తీసి పంపు. సాయంత్రం ఫోన్ చెయ్యి, మీ ఆయన్ని కూడా లైన్‌లో ఉంచు.

మీ పెద్దమ్మ