హాలు నిండా జనమా, ఖాళీ కుర్చీలా?

"థియేటర్ నిండా జనం ఉంటే సినిమా బాగుంటుందా, ఖాళీగా ఉంటేనా?" అని అడిగారు. మాస్ సినిమా అయితే జనంతోనే చూడాలి, అదీ మొదటి మూడు రోజుల్లో, సింగిల్ స్క్రీన్‌లో. మాటల మీద నడిచే సినిమా అయితే రెండో వారం మంగళవారం మ్యాట్నీకి వెళ్లండి. ఇందులో నాకు అనుమానమే లేదు.

మన కమర్షియల్ సినిమాల్లో హీరో ఎంట్రీ ఎలా ఉంటుందో గమనించండి. ముందు కాలు దిగుతుంది, దుమ్ము లేస్తుంది. తర్వాత వీపు, పిడికిలి, పక్కనుంచి సగం ముఖం. పూర్తి ముఖం కనబడగానే స్లో మోషన్, వెనక డప్పులు. మాట మాత్రం వెంటనే రాదు. ఆ జాగా ఈలల కోసం వదిలిందే. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సుదర్శన్ 35 ఎంఎం థియేటర్లోనో, దేవి 70 ఎంఎంలోనో మొదటి రోజు చూస్తే ఆ జాగా ఉన్నట్టే తెలియదు. కాగితం ముక్కలు ప్రొజెక్టర్ వెలుతురులో ఎగురుతుంటాయి. ముందు వరసల వాళ్లు కుర్చీలెక్కేస్తారు, తెర కింది భాగం కనబడదు, మొదటి డైలాగు సగం వినబడదు. ఆ సగం పోయినా నష్టం లేదు, దాన్ని ఎలాగూ రెండోసారి పలికిస్తారు. అదే సీను పదిమంది ఉన్న హాల్లో చూడండి, హీరో నడుస్తూనే ఉంటాడు. "సాగదీశారు" అనిపిస్తుంది. కామెడీకీ ఇదే లెక్క: నవ్వు తగ్గేదాకా తర్వాతి పంచ్ పడకూడదని మధ్యలో ఒక రియాక్షన్ షాట్ పెడతారు. ఎవరూ నవ్వని హాల్లో ఆ షాట్ దండగలా కనబడుతుంది. అందుకే ఖాళీ హాల్లో మాస్ సినిమా చూసి రేటింగ్ ఇచ్చేవాళ్ల మాట నేను లెక్కలోకి తీసుకోను.

ఇక సౌండ్. మనుషుల ఒళ్లు, బట్టలు మధ్య శ్రుతి, పై శ్రుతి శబ్దాలను పీల్చుకుంటాయి. బేస్ (లోతైన మోత) మీద పెద్దగా ప్రభావం ఉండదు. పాత హాళ్లలో చెక్క, రెక్సిన్ కుర్చీలు ఖాళీగా ఉంటే శబ్దం గోడలకీ కుర్చీలకీ కొట్టుకుని తిరిగొస్తుంది, మాటలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా వినిపిస్తాయి. మందపాటి గుడ్డ కుర్చీలున్న మల్టీప్లెక్స్‌లో ఈ తేడా తక్కువ, ఎందుకంటే ఖాళీ కుర్చీ కూడా దాదాపు మనిషంత పీల్చుకుంటుంది. కాబట్టి ఖాళీ షో చూడాలనుకుంటే మల్టీప్లెక్స్‌నే ఎంచుకోండి. సీటు కూడా మీ ఇష్టం కాబట్టి, తెర నుంచి చివరి వరస దాకా ఉన్న దూరంలో మూడింట రెండొంతులు వెనక్కి వచ్చి మధ్యలో కూర్చోండి. మామూలుగా హాలు సౌండ్ సరిచేసేది ఆ చుట్టుపక్కలే. గోడ పక్క సీట్లలో తెర వెనక సెంటర్ స్పీకర్ నుంచి వచ్చే మాట కంటే, గోడకి నెత్తిమీదుండే సరౌండ్ స్పీకర్ గోలే ఎక్కువ.

ఏసీ గురించి ఎవరూ చెప్పరు. కూర్చున్న మనిషి దాదాపు 100 వాట్ల వేడి వదులుతాడు. 800 మంది ఉంటే 80 కిలోవాట్లు, అంటే ఒక్క జనం వేడికే దాదాపు 23 టన్నుల ఏసీ కావాలి. ఇంట్లో పెట్టుకునే ఒకటిన్నర టన్ను ఏసీలు పదిహేను. గేట్లు తెరవకముందే హాలు చల్లబరచకపోతే ఇంటర్వెల్ దాకా చెమటలే. కరెంటు బిల్లు చూసుకుని జనం కూర్చున్నాక ఏసీ వేసే యాజమాన్యాలంటే నాకు ఒళ్లుమంట. ఖాళీ హాల్లో కథ పూర్తిగా తిరగబడుతుంది. వేడి వదిలేవాళ్లు లేరు, మిషన్ మాత్రం అదే ఊపులో ఉంటుంది. ఫుల్ చేతుల చొక్కా వేసుకెళ్లండి.

రద్దీ షోకి ముందే బయటికి వెళ్లే దారులు చూసుకోండి. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్‌లో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. ప్రీమియర్ షోలకి చిన్నపిల్లల్ని తీసుకెళ్లొద్దు. హీరో వస్తున్నాడని తెలిస్తే అసలే వద్దు.

అసలు బాధ వాల్యూమ్‌ది. హాలు సౌండ్‌ని నడిపే డాల్బీ ప్రాసెసర్ అనే పెట్టె మీద వాల్యూమ్ నంబర్ 7 అనేది సినిమా మిక్స్ చేసిన స్థాయి, ఒక్కో అంకె దిగితే 3.3 డెసిబెల్స్ తగ్గుతుంది. 5.5 పెడితే 5 డెసిబెల్స్ పోయినట్టే. యాడ్లు, ట్రైలర్లు చెవులు పగలగొడుతున్నాయని ఎవరో ఫిర్యాదు చేస్తారు, అప్పుడు దించిన నంబర్ సినిమా మొదలయ్యాక కూడా అక్కడే ఉండిపోతుంది. నిండు హాల్లో 5.5 అంటే గుసగుసగా చెప్పిన మాటలన్నీ పాప్‌కార్న్ కవర్ల చప్పుడులో కలిసిపోతాయి. జనాన్ని బట్టి నంబర్ మార్చడం ఒకప్పుడు ఆపరేటర్ పని. ఇప్పుడు చాలా మల్టీప్లెక్స్‌ల్లో ప్రొజెక్టర్ రూమ్‌లో మనిషే ఉండడు, షోలన్నీ కంప్యూటర్ షెడ్యూల్ మీద నడుస్తాయి. కాబట్టి మీరే లేవాలి. ట్రైలర్లప్పుడు కాదు, సినిమాలో మొదటి మాటల సీను వచ్చాక. గేటు దగ్గర ఉన్న అబ్బాయికి స్క్రీన్ నంబర్ చెప్పి, "సౌండ్ తక్కువుంది, ఒక పాయింట్ పెంచమని మేనేజర్‌కి చెప్పు తమ్ముడూ" అనండి. పది నిమిషాల్లో తేడా వినబడకపోతే ఈసారి నేరుగా మేనేజర్ దగ్గరికే వెళ్లండి.