పెరోవ్‌స్కైట్ డిటెక్టర్ల పరిశోధనకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉంది. తిరుపతిలో ఎమ్మెస్సీ చేసి, పెరోవ్‌స్కైట్ రేడియేషన్ డిటెక్టర్ల ఉపరితలాల మీద పరిశోధన చేస్తానంటోంది. ఆ పేరుతో ఒక్క ఉద్యోగ ప్రకటన కూడా నాకు కనిపించలేదు. రేడియేషన్ అంటే భయం కూడా. సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: చేర్పించవద్దండీ. ప్రకటనలు లేవన్నది నిజమే, ఇంకొన్నేళ్లు రాకపోవచ్చు కూడా. కానీ ఆమె చేతికి రాబోయే విద్య పెరోవ్‌స్కైట్ అనే ఆ ఒక్క స్ఫటిక పదార్థానికే పరిమితం కాదు.

గామా కిరణాల శక్తిని కచ్చితంగా కొలిచే జెర్మేనియం డిటెక్టర్‌ను బాగా చల్లబరిస్తేనే పనిచేస్తుంది. కాడ్మియం జింక్ టెల్యూరైడ్ అనే మరో డిటెక్టర్ పదార్థానికి ఆ అవసరం లేదు గానీ, మంచి స్ఫటికం దొరకడం కష్టం, ఖరీదూ ఎక్కువే. సీసం, సీజియం, బ్రోమిన్ వంటి బరువైన పరమాణువులున్న పెరోవ్‌స్కైట్ ఈ కిరణాలను బాగా ఆపగలదు. 2021లో సీజియం లెడ్ బ్రోమైడ్ స్ఫటికంతో, గది ఉష్ణోగ్రతలోనే, 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న గామా కిరణాలను 1.4 శాతం రిజల్యూషన్‌తో (ఈ అంకె ఎంత తక్కువైతే కొలత అంత కచ్చితం) కొలిచి చూపారు.

చిక్కల్లా స్ఫటికం పైపొరలోనే ఉంది. కోసి, నున్నగా సానబట్టేటప్పుడు అక్కడ బంధాలు తెగి లోపాలు ఏర్పడతాయి. కిరణం పుట్టించిన విద్యుదావేశాన్ని అవి మధ్యలోనే పట్టేస్తాయి. ఎక్కువ వోల్టేజి ఇస్తే బ్రోమైడ్ వంటి హాలైడ్ అయాన్లు కదిలి లోహపు ఎలక్ట్రోడ్‌ను తినేస్తాయి. కిరణాలు లేనప్పుడు కూడా పారే డార్క్ కరెంటు పెరిగి, అసలు సంకేతం అందులో మునిగిపోతుంది. అందుకే లోపాలను కప్పే అణువులను పైన అంటించడం, స్ఫటికానికీ లోహానికీ మధ్య పలుచని పొర వేయడం, తగిన లోహాన్ని ఎంచుకోవడం ఈ పరిశోధనలో అసలు పని. ఈ పని వచ్చినవారి అవసరం సోలార్ సెల్స్‌లో, ఎల్‌ఈడీల్లో, సెమీకండక్టర్ చిప్‌ల తయారీలో కూడా ఉంటుంది. నాకు ఇందులో కనిపించే అసలు భరోసా ఇదే.

రేడియేషన్ భయం సహజం. అయితే ఈ పరిశోధనలో ఎక్కువ సమయం స్ఫటికాలు పెంచడం, పొరలు వేయడం, కరెంటు కొలవడంలోనే గడుస్తుంది. రేడియోధార్మిక పదార్థాలను, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జీ ధరించి, పర్యవేక్షణలోనే వాడతారు. నేనైతే సీసం లవణాలు, డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) వంటి ద్రావణుల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త పడమంటాను.

ఐఐటీ తిరుపతిలో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఉంది. తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, కాబట్టి పీహెచ్‌డీ భారం మీ మీద పడదు. ఎమ్మెస్సీతోనే ఆపాలనిపిస్తే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శిక్షణ పాఠశాల ఉంది. అక్కడే రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేస్తే క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ చికిత్స మోతాదులు చూసే మెడికల్ ఫిజిసిస్టు కావచ్చు. ఉద్యోగం త్వరగా కావాలనుకునే కుటుంబానికి నేను మొదట చెప్పేది ఈ దారే.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మాత్రం ఇప్పుడే మొదలుపెట్టమనండి. కొలతల విశ్లేషణకు అది కావాలి, సాఫ్ట్‌వేర్ వైపు తలుపూ తెరిచే ఉంటుంది.

గైడును ఎంచుకునే ముందు అక్కడి సీనియర్లను కలిసి, గాలి, తేమ తగలకుండా పదార్థాలతో పనిచేసే గ్లవ్ బాక్సు పనిచేస్తోందా, డార్క్ కరెంటు కొలిచే ఏర్పాటు ల్యాబులోనే ఉందా, సీసం వ్యర్థాలను ఎలా పారవేస్తున్నారని అడగమనండి. తడబడుతూ జవాబిస్తే, గైడు ఎంత పేరున్నవారైనా మరో ల్యాబు చూసుకోవాలి.