అతుకు కింద చిగురు

ఒరేయ్ చిన్నోడా,

నూజివీడు దగ్గర మన రెండెకరాల్లో చిన్న రసాల మామిడి తోట వేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఊళ్ళో నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బంగినపల్లి అయితే ఇంత కంగారుపడను. పీచుండదు, కోస్తే ముక్క నిలుస్తుంది, లారీ ఎక్కించినా ఓర్చుకుంటుంది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. రసం అలాంటిది కాదు. తోలు పలచన, లోపలంతా పీచూ రసమూ. కత్తికి లొంగదు. అరచేతుల్లో మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, జీడి పిండేసి జుర్రుకోవాల్సిందే. మగ్గాక ఆగదు. ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు అలుగుతుంది. ఆ అలక లెక్కేసుకునే అప్పు చెయ్యి.

33 అడుగుల ఎడం పెట్టు, ఎకరాకి 40 మొక్కలు పడతాయి. తొలకరి పడ్డాక నాటు. పూత మీద తేనెమంచు పురుగుని కనిపెట్టుకుని ఉండు. కాయ తొడిమతో కొయ్యి, జీడి కారితే తోలు మాడుతుంది. వరిగడ్డిలోనే మగ్గెయ్యి. కార్బైడ్ మాట నా చెవిన పడిందా, గుమ్మం తొక్కనివ్వను.

ఇక నా భయం సంగతి. కాపురానికొచ్చిన కొత్తలో మీ తాతయ్య బావి పక్కన ఒక రసం అంటు, అంటే టెంక మొక్క మీద రసం కొమ్మ అతికించింది, నాటి నాకు అప్పజెప్పారు. "అతుకు కింద చిగురొస్తే గిల్లెయ్" అన్నారు, అంతే. వానాకాలం పుట్టింట్లో నెల ఉండి వచ్చేసరికి అతుకు కింద నుంచి ఎర్రెర్రటి ఆకులతో మూరెడు కొమ్మ లేచింది. పైన అంటు ఈసురోమంటోంది. కళకళలాడే దాన్ని తుంచడానికి నాకు చేతులు రాలేదురా. పైగా రోజూ కుడితి పోశాను. ఏడాది తిరిగేసరికి పైది ఎండిపోయింది. ఆయన గమనించలేదు, నేను చెప్పలేదు.

ఏడో ఏట కాపొచ్చింది. మొదటి పండు ఆయన చేతిలోనే పెట్టాను. ఒక్క గుక్క జుర్రి కళ్ళు మూసుకున్నారు. పులుపు! నేను పెంచింది అంటుని కాదు, కింద ఉన్న నాటు టెంక మొక్కని. తిట్టినా బాగుండేది. మర్నాడు పచ్చికాయలు కోయించి పప్పు వండమని, రెండుసార్లు వడ్డించుకున్నారు.

హైదరాబాదులో కూర్చుని కెమెరాల్లో తోట చూసుకుంటావట! అతుకు కింద చిగురు కెమెరాకేం కనపడుతుందిరా? మొదటి మూడేళ్ళూ పదిహేను రోజులకోసారి రా. వంగి ప్రతి మొదలూ తడిమి చూడు. గడ్డిలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదుపు, పాములుంటాయి.

శనివారం రాత్రి బస్సెక్కు. బావి పక్క చెట్టు ఈ ఏడు బాగా కాసింది, పప్పు చేసి పెడతాను.

అమ్మమ్మ