బాబు విషయం గురించి

చి.ల.సౌ. సత్యవతికి పెద్దమ్మ ఆశీస్సులు.

బాబు హాస్టల్ నుంచి వచ్చినకాడి నుంచి గది దాటడం లేదనీ, అల్లుడుగారు అదంతా బద్ధకమంటున్నారనీ రాశావు. రోజంతా దిగులు, ఇష్టమైన ఆటమీద కూడా మనసు లేకపోవడం, నిద్రా తిండీ తప్పడం, చదివింది బుర్రకెక్కకపోవడం... ఇవి రెండు వారాలు విడవకుండా ఉంటే జబ్బేనమ్మా, డిప్రెషన్ అంటారు. మగపిల్లల్లో ఈ దిగులు చిరాకుగా, కోపంగా కూడా బయటపడుతుంది. పొగరనుకుని తిడితే ఇంకా ముడుచుకుపోతాడు.

ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయకు. సాయంత్రం కాలవగట్టు మీద పక్కన నడుస్తూ, "నిద్ర పడుతోందా నాన్నా?" అని మొదలుపెట్టు. వాడు చెబుతుంటే పక్కింటి పిల్లాడి ర్యాంకు ఎత్తకు. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని కూడా తిన్నగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరికీ భయం. పుట్టదు, లోపల దాచుకున్నది చెప్పుకునే దారి దొరుకుతుంది.

అనిపించిందన్నాడా, ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలొద్దు. మన ఇళ్లలో చేలో కొట్టగా మిగిలిన పురుగుమందు ధాన్యం బస్తాల పక్కనే పడుంటుంది. ఆ డబ్బాలూ, మీ అత్తగారి మాత్రలూ ఆ రోజే ఇల్లు దాటించెయ్యి. ఆ ఉద్రేకం చాలాసార్లు కాసేపు ఉండి తగ్గిపోతుంది, ఆ కాసేపట్లో చేతికేదీ అందకూడదు. 14416 టెలిమానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారంలోనే కాకినాడ గవర్నమెంట్ జనరల్ హాస్పిటల్‌లో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లు. ఎప్పుడు మొదలైంది, ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు, మన వంశంలో ఇంకెవరికైనా ఉందా అన్నవి కాగితం మీద రాసుకెళ్లు. డాక్టరుగారితో కాసేపు వాణ్ణి ఒంటరిగా మాట్లాడనియ్యి. నువ్వు పక్కనుంటే అసలు మాట చెప్పడు. థైరాయిడ్, రక్తపరీక్షలు రాస్తే చేయించు, వాటిలో బయటపడే లోపాలవల్ల కూడా నీరసం, దిగులు రావచ్చు.

దిగులుకిచ్చే మందుల దగ్గరే చాలా ఇళ్లలో పని చెడుతుంది. గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి మాత్రం మొదటి రోజుల్లోనే వస్తాయి. అందుకని పది రోజులకే మానేస్తారు. మొదటి వారాల్లో కుదురు లేకుండా తిరిగినా, చావు మాటలు ఎక్కువైనా అదే రోజు డాక్టరుకి చెప్పాలి, ఈ వయసులో అది జాగ్రత్తగా చూడాల్సిన సంగతి. బాగైనాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఉన్నట్టుండి ఆపితే కళ్లు తిరుగుతాయి, చిరాకు పుడుతుంది. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇవి నిద్రమాత్రల్లా అలవాటుపడేవి కావు. నిద్రకి వేరే మాత్ర రాస్తే ఎన్ని రోజులు వెయ్యాలో అక్కడే అడిగి తెలుసుకో. దిష్టి తీయించు, తాయెత్తు కట్టించు, కాదనను. మాత్ర మాత్రం ఆపకు.

పొద్దున్న ఒకే వేళకి లేపు, రాత్రి ఫోను నీ దగ్గర పెట్టుకో. చుట్టాలెవరైనా అడిగితే ఒంట్లో బాగోలేదు, మందు వాడుతున్నాడని చెప్పు. అంతకుమించి ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇట్లు,
పెద్దమ్మ