అమెరికాకు కొత్తగా వచ్చినవారికి: మద్యం, కారు, వీసా

"రెండు పెగ్గులు తాగి జాగ్రత్తగా నడుపుకుంటూ ఇంటికి వెళ్తే ఏమవుతుందండీ?" అని టెక్సస్‌కు కొత్తగా వచ్చిన పిల్లలు తరచుగా అడుగుతుంటారు. తాగడం మంచిదా చెడ్డదా అన్న చర్చ నేనిక్కడ చేయడం లేదు. ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) మీదనో హెచ్‌-1బీ (ఉద్యోగ వీసా) మీదనో ఉన్నవారికి ఇది జరిమానా కట్టి మరచిపోయే వ్యవహారం కాదనీ, కోర్టులో నేరం రుజువు కావడానికి చాలా ముందే, కేవలం అరెస్టుతోనే వీసాకు ముప్పు మొదలవుతుందనీ వారికి తెలియాలన్నదే నా ఆరాటం.

ముందుగా అంకెల సంగతి చూద్దాం. హైదరాబాదులో డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీల్లో బ్రెత్ ఎనలైజర్ 30 దాటితే కేసు పెడతారని మనవాళ్ళందరికీ తెలుసు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నదని దాని అర్థం. అమెరికాలో అదే కొలతను శాతంగా చెబుతారు కనుక మన 30 ఇక్కడ 0.03 అవుతుంది. ఇక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ పరిమితి 0.08, అంటే మన లెక్కలో 80. యూటా ఒక్కటే 2018 డిసెంబరు 30 నుంచి దానిని 0.05కు తగ్గించింది. ఈ తేడా చూసి అమెరికా చట్టం ఉదారమైనదని అనుకోకండి. 0.08కు చేరితే మీరు ఎంత చక్కగా నడిపారన్నది ఎవరూ చూడరు. చేరకపోయినా, మద్యం వల్ల మీ శరీరమో మనసో మామూలుగా పనిచేయడం లేదని పోలీసు అధికారికి అనిపిస్తే టెక్సస్‌లో అరెస్టు చేయవచ్చు. న్యూయార్క్‌లో అయితే 0.05 దాటినప్పటి నుంచే వర్తించే వేరే నేరం ఉంది. 21 ఏళ్ళు నిండనివారి విషయంలో టెక్సస్ చట్టం ఏ పరిమితినీ ఒప్పుకోదు. ఒంట్లో మద్యం ఆనవాలు కనిపిస్తే చాలు.

మనవాళ్ళు ఎక్కువగా పొరపడేది "పెగ్గు" దగ్గర. అమెరికా ప్రభుత్వ పత్రాల్లో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాలు. అది 40 శాతం విస్కీలో 44 మిల్లీలీటర్లు, 5 శాతం బీరులో 355 మిల్లీలీటర్ల చిన్న డబ్బా ఒకటి. మన ఇళ్ళలో పోసే లార్జ్ పెగ్గు 60 మిల్లీలీటర్లు, అంటే ఇక్కడి లెక్కలో ఒకటింబావు పైమాటే. అది కూడా కొలిచి పోస్తేనే. పోట్‌లక్ విందుల్లో సీసా పట్టుకుని "ఇంకొంచెం వేసుకోండి బావగారూ" అంటూ పోసే చేతికి కొలత ఉండదు. బార్లలో దొరికే ఐపీఏ బీరు 7 శాతం ఉంటే, ఒక్క పైంటు గ్లాసే దాదాపు రెండు డ్రింకులతో సమానం.

70 కిలోల బరువున్న మగవాడికి ఒక డ్రింక్ రక్తంలో ఆల్కహాలును సుమారు 0.03 చొప్పున పెంచుతుందనీ, కాలేయం గంటకు సుమారు 0.015 చొప్పున తగ్గిస్తుందనీ శాస్త్రజ్ఞులు వేసే లెక్క. ఆ ప్రకారం అతడు రెండు గంటల్లో మూడు లార్జ్ పెగ్గులు తాగితే 0.09 దగ్గర ఉంటాడు. మాట తడబడదు, నడక తూలదు, తనకు "బాగానే ఉన్నట్టు" ఉంటుంది. చట్టం దృష్టిలో మాత్రం అప్పటికే నేరస్థుడు. అదే మోతాదు 55 కిలోల స్త్రీ విషయంలో 0.15 దాటిపోతుంది. ఈ లెక్కలు సగటువి మాత్రమే. కడుపులో ఉన్న తిండినీ, ఒంటి తీరునూ బట్టి మారిపోతాయి కనుక, వీటిని చూసుకుని "నేనింకో పెగ్గు తాగవచ్చు" అని తేల్చుకోవడం చాలా ప్రమాదకరం.

కాలేయాన్ని తొందరపెట్టే ఉపాయం ఏదీ లేదు. కాఫీ, మజ్జిగ, నిమ్మరసం, చన్నీటి స్నానం, ఏదీ పనిచేయదు. శనివారం రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టి అర్ధరాత్రి లోపల అయిదు లార్జ్ పెగ్గులు తాగిన మనిషి, కాస్త నిద్రపోయి, తెల్లవారి నాలుగు గంటలకు అమ్మానాన్నలను విమానం ఎక్కించడానికి డాలస్‌లోని డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయానికి బయలుదేరాడనుకోండి. అప్పటికి కూడా అతడు 0.08 దగ్గరే ఉంటాడు. "రాత్రి ఎప్పుడో తాగాను కదా" అన్న జవాబుకు ఇక్కడ విలువ లేదు.

పోలీసు కారు వెనుక లైట్లు వేస్తే కుడివైపు ఆపి, కారులోనే కూర్చుని, చేతులు స్టీరింగ్ మీద కనబడేలా ఉంచాలి. మన ఊళ్ళో అలవాటు ప్రకారం దిగి ఆయన దగ్గరకు నడిచి వెళ్ళకండి. డబ్బు మాట ఎత్తడం తాగి నడపడం కంటే పెద్ద నేరం. లైసెన్సు, ఇన్సూరెన్సు చూపించాలి. ఎంత తాగారన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన నిర్బంధం మాత్రం లేదు. లాయరు వచ్చాక మాట్లాడతానని మర్యాదగా చెప్పవచ్చు. అయితే, అరెస్టు తరువాత అడిగే శ్వాస లేదా రక్త పరీక్షను కాదంటే ఆ నిరాకరణకే లైసెన్సు ఆగిపోతుంది. రోడ్డు మీదకు వచ్చినప్పుడే ఆ పరీక్షలకు ఒప్పుకున్నట్టుగా చట్టం భావిస్తుంది. టెక్సస్‌లో పరీక్షలో దొరికితే మొదటిసారి 90 రోజులు, కాదంటే 180 రోజులు. కాదన్నా జడ్జి నుంచి వారెంటు తెచ్చి రక్తం తీయవచ్చు. పండుగ సెలవుల్లో అయితే అందుకోసం జడ్జీలను సిద్ధంగా ఉంచుతారు.

టెక్సస్‌లో మొదటిసారి శిక్ష 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు జరిమానా. నేరం రుజువైతే రాష్ట్రానికి మరో 3,000 డాలర్లు కట్టాలి. 0.15 నుంచి నేరం స్థాయి పెరుగుతుంది. కారులో 15 ఏళ్ళలోపు పిల్లలు ఉంటే అది ఫెలనీ, అంటే తీవ్ర నేరం. పార్టీలో మిగిలిన సగం సీసాను సీటు పక్కన పెట్టుకుని రావడం కూడా నేరమే, దానిని డిక్కీలో పెట్టాలి.

ఇక వీసా సంగతి. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ అనుసరిస్తున్న పద్ధతి ప్రకారం, గత అయిదేళ్ళలో తాగి నడిపిన కేసులో అరెస్టయినవారి వీసాను కోర్టు తీర్పుతో పని లేకుండానే రద్దు చేయవచ్చు. ఒక ఈమెయిల్ వస్తుంది, అంతే. పాస్‌పోర్టులోని స్టాంపు రద్దయినంత మాత్రాన ఇక్కడ ఉండే హోదా సాధారణంగా దానంతటదే పోదు. కానీ అక్కచెల్లెళ్ళ పెళ్ళికో, తండ్రికి బాగా లేదనో ఇండియా వెళ్ళారంటే, మళ్ళీ స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర) అయ్యేదాకా తిరిగి రాలేరు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్‌-160లో అరెస్టు ప్రశ్నకు "అవును" అని రాయాలి. కాన్సులేటు వైద్య పరీక్షకు పంపుతుంది. అక్కడ ఎన్ని వారాలు పడుతుందో మన చేతుల్లో ఉండదు. "కాదు" అని రాస్తే అది అబద్ధమాడి వీసా కోరిన నేరమై, అసలు కేసు కంటే పెద్ద అడ్డంకి అవుతుంది. కెనడా వెళ్ళి స్టాంపింగ్ చేయించుకుందామన్నా కుదరకపోవచ్చు. 2018 డిసెంబరు నుంచి కెనడా తాగి నడపడాన్ని తీవ్ర నేరంగా పరిగణిస్తున్నది కనుక, మిమ్మల్ని సరిహద్దులోనే ఆపేయవచ్చు. సిటిజన్‌షిప్‌కు దరఖాస్తు చేసే దశలో తాగి నడిపిన కేసుల్లో రెండు శిక్షలు ఉంటే సత్ప్రవర్తన లేదన్న ఊహతోనే దరఖాస్తును చూస్తారు.

పొరపాటున ఇప్పటికే అరెస్టయి ఉంటే, లైసెన్సు ఆపుతున్నట్టు నోటీసు అందిన 15 రోజుల్లోగా టెక్సస్‌లో లైసెన్సు విచారణ కోరాలి. ఆ గడువు దాటితే లైసెన్సు దానంతటదే ఆగిపోతుంది. క్రిమినల్ లాయరుతోపాటు ఇమ్మిగ్రేషన్ లాయరును కూడా మొదటి వారంలోనే కలవండి. "డిఫర్డ్ అడ్జూడికేషన్ (నేరం ఒప్పుకున్నాక, షరతులు పాటిస్తే శిక్ష ఖరారు చేయకుండా కోర్టు వాయిదా వేసే పద్ధతి) తీసుకుందాం, శిక్ష రికార్డులో ఉండదు" అని క్రిమినల్ లాయరు మంచి మనసుతోనే చెప్పవచ్చు. కానీ అందులో మీరు నేరం ఒప్పుకున్నారు కనుక, రాష్ట్ర చట్టంలో శిక్ష కానిది ఇమ్మిగ్రేషన్ చట్టంలో శిక్షగానే లెక్కకు వస్తుంది. అందుకే ఇద్దరు లాయర్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్న తరువాతే దేని మీదైనా సంతకం చేయండి. కేసు ముగిశాక కోర్టు తుది ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకుని దాచుకోండి. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్, ప్రతి స్టాంపింగ్, అన్నిచోట్లా వాటిని అడుగుతారు.