పిండిమర బెల్టు గార్డును పనివాళ్లు తీసేస్తున్నారు, ఏం చేయాలి?

10 హెచ్‌పీ మోటారు పిండిమరకు గార్డు (బెల్టు, పుల్లీల మీద కప్పే ఇనుప జాలీ) చేయిస్తే వారం తిరక్కుండా గోడకు చేరిందని, ఎంత తిట్టినా వినడం లేదని రాశారు. తిడితే వినరు. గార్డు ఉండగా చేయలేని పని ఏదో వాళ్లకు తరచూ పడుతోంది. పిండిమరలో అది ఎక్కువగా రెండిట్లో ఒకటి: బేరింగుకు గ్రీజు కొట్టడం, బెల్టు బిగువు చూడటం.

గ్రీజు సంగతి తేలిక. బేరింగు దగ్గర గ్రీజు ఎక్కించే మూతి, అంటే నిప్పిల్, విప్పి, అక్కడి నుంచి సన్నటి రాగి గొట్టం గార్డు బయటికి తెచ్చి, దాని చివర నిప్పిల్ పెట్టించండి. బిగువు చూసేందుకు రెండు పుల్లీల నడిమధ్య బోల్టు మూతతో చిన్న కిటికీ చాలు, అదీ మర ఆపాకే తీయాలి. బెల్టు మార్చాల్సి వచ్చినా ఇబ్బంది లేకుండా గార్డును రెండు ముక్కలుగా చేయించండి.

గార్డును మోటారు బాడీకి మాత్రం బిగించకండి. బిగువు కోసం మోటారును పట్టాల మీద జరిపిన రోజే పుల్లీ గార్డుకు రాసుకుంటుంది. ఆ చప్పుడు భరించలేక తీసి పడేస్తారు. గార్డును పట్టుకునే యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనుప బద్దల) ఫ్రేము నేలలో పాతినదై ఉండాలి. అదురుకు నట్లు వదులవుతాయి కాబట్టి లోపల నైలాన్ రింగు ఉండే ఇనుప నట్లు వాడండి.

జాలీ కన్ను పెద్దదయ్యేకొద్దీ బెల్టుకు దూరం పెరగాలి. చదరపు కన్ను 10 మి.మీ. లోపు ఉంటే 25 మి.మీ. దూరం చాలు. 12 మి.మీ. అయితే 80, 25 మి.మీ. అయితే 120 కావాలి. అంతకన్నా దగ్గరగా పెడితే వేళ్లు లోపలికి అందుతాయి. ముందువైపు మూసి వెనక వదిలేయడం మన మిల్లుల్లో మామూలే. బెల్టు పుల్లీలోకి దూరే చోటు వెనక నుంచీ అందుతుంది, చీర కొంగైనా చున్నీ అయినా అక్కడే చిక్కుతుంది. పసుపు రంగు ఫ్రేముకే వేయించండి, జాలీకి మాట్ నలుపు వేస్తే లోపల బెల్టు స్పష్టంగా కనిపిస్తుంది, చూద్దామని తీసే పని ఉండదు.

గార్డుకు తలుపు పెట్టిస్తే లిమిట్ స్విచ్‌ను (తలుపు కదలికకు పనిచేసే స్విచ్) స్టార్టర్ కాయిల్ లైనులో, స్టాప్ బటన్‌తో సిరీస్‌లో కలపాలి. తలుపు మూసినంత మాత్రాన మోటారు తిరగకూడదు, మళ్లీ పచ్చ బటన్ నొక్కాల్సిందే. తలుపు మూసినప్పుడు స్విచ్ ప్లంజర్ (నొక్కుడు పుల్ల) నొక్కుకునేలా పెడితే దాన్ని దారంతో కట్టేస్తారు. తెరిచినప్పుడు మడతబందు వైపు క్యామ్ (తలుపుతో తిరిగే ఉబ్బెత్తు ముక్క) దాన్ని నొక్కి కరెంటు తెంపేలా పెట్టించండి.

అయినా స్విచ్ ఒక్కటే చాలదు, కరెంటు పోయాక కూడా రాయి కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. అందుకే తలుపుకు గొళ్లెం వద్దు, పానాతో విప్పాల్సిన, చుట్లు ఎక్కువున్న పొడుగు బోల్టు పెట్టండి. బోల్టు మొదటి చుట్టుకే దాని దగ్గర అలాగే కలిపిన మరో స్విచ్ తెగేలా, బోల్టు పూర్తిగా ఊడేసరికి రాయి ఆగిపోయేలా దాని పొడవు చూసుకోండి.