బ్రష్‌లెస్ మోటారు వేశాక ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) బగ్గీ వేడెక్కుతోంది, మలుపుల్లో పల్టీ కొడుతోంది. ముందు ఏం మార్చాలి?

మీరు రాసిందాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ: 1/10 స్కేల్ ఫోర్ వీల్ డ్రైవ్ బగ్గీ. పాత బ్రష్డ్ మోటారు తీసేసి 3300 కేవీ బ్రష్‌లెస్ వేశారు, 3ఎస్ లైపో (మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ) పెట్టారు. కాసేపు తిప్పేసరికి మోటారు ముట్టుకోలేనంత వేడెక్కుతోంది, గట్టిగా తిప్పితే బండి పల్టీ కొడుతోంది. వేరేవాళ్ల బండ్ల ఫొటోలు చూసి ఇప్పుడు అల్యూమినియం ఆర్మ్‌లు (చక్రాల్ని చాసిస్‌కి కలిపే సస్పెన్షన్ చేతులు), పెద్ద టైర్లు కొందామనుకుంటున్నారు.

ఆ రెండూ ప్రస్తుతానికి ఆపండి. పెద్ద టైర్లు వేడిని ఇంకా పెంచుతాయి. అల్యూమినియం ఆర్మ్‌లకీ పల్టీలకీ సంబంధమే లేదు. మీరు ముందు కొనాల్సింది ఒక చిన్న పినియన్ (మోటారు షాఫ్ట్‌కి ఉండే పళ్ల చక్రం), అంతే.

లెక్క వేసి చూడండి. కేవీ అంటే లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకి మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది. 3ఎస్ నామినల్ వోల్టేజీ 11.1. దాన్ని 3300తో గుణిస్తే నిమిషానికి 36,630 చుట్లు. మోటారు పది చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం. (పినియన్ తిప్పే పెద్ద గేరు స్పర్. దాని పళ్లని పినియన్ పళ్లతో భాగించి, గేర్‌బాక్స్ లోపలి నిష్పత్తితో గుణిస్తే మీ బండి అంకె తెలుస్తుంది. లోపలి నిష్పత్తి మాన్యువల్లో ఉంటుంది.) 85 మి.మీ. టైరు చుట్టుకొలత 267 మి.మీ., కాబట్టి కాగితం మీద గంటకి సుమారు 59 కిలోమీటర్లు. అదే గేరింగ్‌తో 2ఎస్ వేస్తే 39. బ్రష్డ్ మోటారుకి సరిపోయిన పినియన్‌ని అలాగే ఉంచేసి బ్రష్‌లెస్సూ, మూడో సెల్లూ ఒకేసారి ఎక్కించారు. కారుని టాప్ గేరులో కదిలించినట్టే ఇది. స్పీడు అందుకునేదాకా మోటారు కరెంటు లాగుతూనే ఉంటుంది. వైండింగ్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్నిబట్టి పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు.

ఇప్పుడు 20 పళ్ల పినియన్ ఉందనుకుంటే 16 పళ్లది వేయండి. నిష్పత్తి 12.5 అవుతుంది, లెక్క ప్రకారం స్పీడు 47కి దిగుతుంది. పోయిన ఆ 12 కిలోమీటర్లు మీకు తెలియను కూడా తెలియవు, 59 అందుకునేంత ఖాళీ జాగా చాలామందికి దొరకదు. అడ్డదిడ్డంగా మలుపులు తిరిగేచోట చిన్న పినియన్ బండే చురుగ్గా ఉంటుంది. టైర్ల సంగతీ ఇంతే. 85 బదులు 95 మి.మీ. టైరు వేస్తే గేరింగ్‌ని 12 శాతం పెంచినట్టు.

కొనేముందు పళ్ల పిచ్ (పళ్ల సైజు) చూసుకోండి. 48 పిచ్ స్పర్‌కి 32 పిచ్ పినియన్ పట్టదు. 540 సైజు మోటార్లకి మామూలుగా షాఫ్ట్ 3.17 మి.మీ. ఉంటుంది, 5 మి.మీ. షాఫ్ట్‌వీ ఉన్నాయి, మీదేదో కొలవండి. బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య సన్న కాగితం ముక్క పెట్టి నొక్కి, మోటారు స్క్రూలు బిగించి, కాగితం లాగేయండి. పళ్ల మధ్య కావాల్సిన సందు మిగులుతుంది. స్పర్‌ని ఒక పూర్తి చుట్టు చేత్తో తిప్పి చూడండి, ఎక్కడైనా పట్టేస్తుంటే మళ్లీ సర్దాలి. పినియన్‌ని షాఫ్ట్‌కి పట్టించే గ్రబ్ స్క్రూకి నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క, ఎర్రది వద్దు.

వేడి చేత్తో ముట్టుకుని చెప్పేది కాదు. చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి దగ్గరుంచుకోండి. నేను మోటారుని 80 డిగ్రీల లోపే ఉంచుతాను, 90 వైపు వెళ్తే బండి పక్కన పెట్టేసి పినియన్ ఒక పన్ను తగ్గిస్తాను. మరీ వేడెక్కితే రోటర్‌లోని నియోడిమియం అయస్కాంతం బలం కోల్పోతుంది, చల్లారాక కూడా అదంతా తిరిగి రాదు. కూలింగ్ ఫ్యాను మంచిదే, కానీ తప్పు గేరింగ్‌ని ఫ్యాను కప్పిపుచ్చుతుందే గాని సరిచేయదు. ఫొటోల్లో జంట ఫ్యాన్లు కనిపించినప్పుడల్లా నాకు ముందు పినియన్ మీదే అనుమానం.

ఇక పల్టీలు. ఆర్‌సీలోకి రాకముందు అసలు కార్ల పనే చేసేవాణ్ని కాబట్టి ఈ తేడా నాకు మొదట్లోనే కొట్టొచ్చినట్టు కనిపించింది. పొడవు పదో వంతైతే బరువు వెయ్యో వంతవుతుంది. 1500 కిలోల కారు 1/10లో కిలోన్నర, నిజంగానే ఆ సైజు టూరింగ్ కార్లు ఆ చుట్టుపక్కలే తూగుతాయి. శక్తి మాత్రం ఆ లెక్కన తగ్గదు. 100 కిలోవాట్ల ఇంజనున్న ఆ కారుకి కిలోకి 67 వాట్లు. మీ బండి రెండు కిలోలనుకుని, 11 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లు లాగుతోందనుకుంటే, నష్టాలు పోగా 300 వాట్లు మిగిలినా కిలోకి 150. దానికి తోడు, రెండు సెంటీమీటర్ల రాయి దానికి మనకి ఇరవై సెంటీమీటర్ల బండరాయితో సమానం. పవర్ మీకు ఇప్పటికే ఎక్కువైంది, కొరత ఉన్నది అదుపులో.

బండి మలుపులో జారుతుందా, దొర్లుతుందా అన్నది రెండు కొలతల మీద ఉంటుంది: ఎడమ కుడి చక్రాల మధ్య దూరంలో సగం, బరువు కేంద్రం ఎత్తు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే అంకెని టైరు గ్రిప్ దాటిందంటే బండి జారదు, దొర్లుతుంది. అందుకే మట్టిలో బుద్ధిగా తిరిగే బగ్గీ సిమెంటు నేల మీద పల్టీ కొడుతుంది. రైడ్ హైట్ తగ్గించండి, షాక్‌ల మీద స్పేసర్లు తీసేస్తే చాలు. బ్యాటరీ వీలైనంత కిందకి పెట్టండి. ట్రాన్స్‌మిటర్లో స్టీరింగ్ డ్యూయల్ రేట్‌ని (చక్రాలు ఎంతవరకు తిరగాలన్న పరిమితిని) 70 శాతం దగ్గర పెట్టి చూడండి, దీనికి పైసా ఖర్చు లేదు, నా బగ్గీలో సగం పల్టీలు దీంతోనే ఆగాయి. రేసుల్లో తిప్పేవాళ్లు ముందు టైర్ల పక్క గోడలకి సూపర్ గ్లూ పూస్తారు, టైరు అంచు మడిచిపడి నేలని కరవకుండా. గట్టి నేల మీద అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వీటన్నిటి తర్వాత కూడా దొర్లుతుంటే అప్పుడు యాంటీ రోల్ బార్ (ఎడమ కుడి సస్పెన్షన్‌ని కలిపి బండి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ).

(జంపుల్లో ముక్కు కిందకి పడి పల్టీ కొడుతుంటే సంగతి వేరు. గాల్లో ఉండగా థ్రాటిల్ ఇస్తే ముక్కు లేస్తుంది, బ్రేక్ వేస్తే దిగుతుంది. పార్టులతో పనిలేదు, వేలు అలవాటు పడాలి.)

అల్యూమినియం గురించి నా అభిప్రాయం కాస్త ఘాటుగానే ఉంటుంది. నైలాన్ ఆర్మ్ దెబ్బ తగిలితే వంగి తిరిగొస్తుంది, మరీ గట్టిదైతే విరుగుతుంది, అది చవకైన పార్టు. అల్యూమినియం ఆర్మ్ వంగితే వంగినట్టే ఉండిపోతుంది, లేదా దెబ్బని లోపలికి, బల్క్‌హెడ్‌కీ చాసిస్‌కీ పంపుతుంది. మెరుపు కోసమైతే వేసుకోండి, తప్పులేదు. పనికొచ్చే లోహం ఎక్కడంటే మోటారు మౌంటు, ఎందుకంటే అది వేడిని కూడా లాగుతుంది. ఇంకోటి స్టీల్ గేర్లు. దాదాపు ఎవరూ ఫొటో తీయని మార్పు ఒకటుంది, ప్లాస్టిక్ బుషింగ్‌లు తీసి బాల్ బేరింగ్‌లు వేయడం. పినియన్ తర్వాత నా ఓటు మొదట దానికే. రాపిడి తగ్గితే మోటారు వేడీ తగ్గుతుంది.

వేరేవాళ్ల బండి చూసి పార్టుల చిట్టా కాపీ కొట్టడంలో ఇబ్బంది ఏంటంటే, ఆ చిట్టా వాళ్ల అవసరానికి తయారైంది. మా గుంపులో ఒకతని క్రాలర్‌కి (రాళ్లెక్కే నెమ్మది బండి) చక్రాల దగ్గర ఇత్తడి బరువులున్నాయి, రాళ్ల మీద బరువు కేంద్రం కిందకి దిగడానికి. అదే బరువు దూకే బగ్గీకి పెడితే సస్పెన్షన్ పని పాడవుతుంది. టామియా 1984లో తెచ్చిన గ్రాస్‌హాపర్, హార్నెట్‌లు చూడండి. అడుగున దాదాపు ఒకే బండి, ఒకదానిలో చిన్న 380 సైజు మోటారు, ఇంకోదానిలో పెద్ద 540, వెనక షాక్‌లు వేరు. నా దగ్గరున్నది మళ్లీ విడుదలైన గ్రాస్‌హాపర్. వెనక యాక్సిల్ అంతా ఒకే ముక్కగా ఎగిరెగిరి పడుతుంది. దానికి బ్రష్‌లెస్ వేయమని చూసినవాళ్లంతా చెబుతారు. వేయను, ఆ సస్పెన్షన్‌కి ఆ మోటారే ఎక్కువ.

కాబట్టి ఎవరి బండైనా నచ్చితే టాప్ స్పీడ్ అడక్కండి. ఎన్ని సెల్లులు, పినియన్ స్పర్ పళ్లెన్ని, టైరు వ్యాసం ఎంత, ఏ నేల మీద తిప్పుతారు, ఆపాక మోటారు ఎన్ని డిగ్రీలుంది, ఇవి అడగండి. బాడీ తీసి అడుగు ఫొటో పెట్టమనండి.

లైపో గురించి రెండు ముక్కలు, ఇందులో బేరం లేదు. ఫుల్ చార్జిలో ఒక్కో సెల్లు 4.2 వోల్టులు, 3ఎస్‌కి 12.6. మీ ఈఎస్‌సీ (మోటారు స్పీడుని నడిపే కంట్రోలరు) ఆ వోల్టేజీకి, ఆ కేవీకి ఒప్పుకుంటుందో లేదో దాని మాన్యువల్లో చూడండి, చాలావాటిలో 3ఎస్‌కి మోటారు కేవీ పరిమితి వేరుగా రాసి ఉంటుంది. కటాఫ్ (బ్యాటరీ వోల్టేజీ తగ్గగానే మోటారుని ఆపేది) లైపో మోడ్‌లో ఉందా? కొన్నిటిలో అది చిన్న జంపర్, నైమ్ (నికెల్ బ్యాటరీ) వైపు ఉండిపోతే బ్యాటరీని సమయానికి ఆపదు. సెల్లు 3.2 వోల్టుల కంటే కిందకి పోనివ్వకండి. చార్జింగ్ ఎప్పుడూ బ్యాలెన్స్ మోడ్‌లో (సెల్లులన్నీ సమానంగా నిండేలా), 1సీ దగ్గర, అంటే 5000 ఎంఏహెచ్‌కి 5 ఆంపియర్లు, మనిషి పక్కనుండగానే. వారాల తరబడి వాడకపోతే సెల్లుకి 3.8 దగ్గర దాచండి. ఉబ్బిన ప్యాక్ మళ్లీ వాడొద్దు.

చివర్లో మీ అసలు కారుకి పెద్ద వీల్స్ గురించి కూడా అడిగారు. అక్కడా ఇదే లెక్క. 205/55 ఆర్16 టైరు వ్యాసం 632 మి.మీ., 225/45 ఆర్17ది 634. రిమ్ము పెరిగినా వ్యాసం నిలబడింది కాబట్టి గేరింగూ స్పీడోమీటరూ చెడవు. మీరనుకుంటున్న సైజుని ఇలాగే కొలిచి చూడండి, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువుని చెప్పే అంకె) కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు. ఎత్తు తగ్గించడానికి కాయిల్ స్ప్రింగులు కోయించే ఆలోచన మాత్రం మానుకోండి. కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది, పాత డ్యాంపరు దాన్ని పట్టలేదు.

బగ్గీ పినియన్, స్పర్ పళ్లు లెక్కపెట్టి, టైరు వ్యాసం కొలిచి ఇక్కడే కింద రాయండి. ఎన్ని పళ్ల పినియన్ కొనాలో చెబుతాను.